ఇంట్లో పెద్దవాళ్లకు చెవి మిషన్ కొనాలంటే: మొదటి పరీక్ష నుంచి అలవాటయ్యేదాకా

చెవి మిషన్ గురించి ఎవరు అడిగినా ముందు వచ్చేవి రెండే ప్రశ్నలు: ఎంతవుతుంది, బయటికి కనపడకుండా పెట్టుకునేది ఉందా? అడగాల్సినవే, కాకపోతే చివర్లో. చెవిలో ఏం తగ్గింది, ఎంత తగ్గింది, ఆ మిషన్‌ను రోజూ పెట్టి తీయాల్సిన వేళ్లు ఎలా ఉన్నాయి అన్నవి ముందు తేలాలి. ఈ వరుస తప్పితే లక్ష పోసి కొన్న మిషన్ కూడా బీరువాలో నగల డబ్బా పక్కన పడి ఉంటుంది. కర్నూలు, ఆదోని, పత్తికొండ వైపు ఉండేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అనంతపురం, కడప వాళ్లకు కూడా దారి ఇదే.

షాపు కంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్

వినికిడి తగ్గిందంటే వయసే కారణం కానక్కర్లేదు. గుబిలి గట్టిపడి గొట్టం మూసుకుపోయినా, కర్ణభేరికి రంధ్రం పడినా, లోపల చీము చేరినా వినపడదు. వీటిలో కొన్నింటికి మందులో చిన్న ఆపరేషనో సరిపోతుంది, మిషన్ మాటే రాదు. అందుకని కర్నూలు పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి వెళ్లండి. ప్రైవేటుగా చూపించుకోవాలంటే ఎన్.ఆర్. పేట, గాయత్రి ఎస్టేట్ వైపు ఆసుపత్రులు ఉన్నాయి. కడప వాళ్లకు రిమ్స్, అనంతపురం వాళ్లకు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. వెళ్లేముందు పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో గుబిలి తీయాలని చూడొద్దు. కాచిన నూనె అసలే పోయొద్దు. కర్ణభేరికి రంధ్రం ఉంటే ఆ నూనె నేరుగా మధ్య చెవిలోకి పోతుంది.

ఒక్కరోజు కూడా ఆగకూడని సందర్భం ఒకటుంది. నిన్నటిదాకా బాగున్న చెవి ఉన్నట్టుండి వినపడకపోతే అది ఎమర్జెన్సీ. "జలుబు చేసిందిలే, అదే పోతుంది" అని వారం పది రోజులు చూస్తే, స్టెరాయిడ్ మందులతో వినికిడి తిరిగొచ్చే అవకాశం చేజారిపోతుంది. ఒక చెవే తగ్గుతున్నా, తల తిరుగుతున్నా, చీమో రక్తమో కారుతున్నా ముందు డాక్టరే చూడాలి.

పసిపిల్లల సంగతి వేరు, ఇక్కడ ఒక్క మాట మాత్రం చెప్తాను. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, అనుమానం ఉంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషనో మరో చికిత్సో మొదలవ్వాలి. మన వైపు మేనరికాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి, పుట్టుచెవుడుకు వాటితో సంబంధం ఉంది. అలాంటి ఇంట్లో బిడ్డ పుడితే "మాటలు నిదానంగా వస్తాయిలే" అని కూర్చోకుండా పరీక్ష చేయించండి.

ఆడియోగ్రామ్ కాగితం చదవడం నేర్చుకోండి

డాక్టర్ చెవి చూశాక, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ దగ్గరికి పంపుతారు. బయటి శబ్దం రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తారు. "కూ" అని సన్నగా వినిపించినా నొక్కాలి. పెద్దవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు: గట్టిగా, స్పష్టంగా వినిపిస్తేనే నొక్కుతారు. "లీలగా వినపడినా నొక్కు నాయనా, తప్పేం లేదు" అని గదిలోకి పోకముందే చెప్పండి. లేకపోతే ఉన్నదానికంటే ఎక్కువ నష్టం ఉన్నట్టు వస్తుంది.

తర్వాత చేతికొచ్చే గ్రాఫే ఆడియోగ్రామ్, అన్నిటికీ ఆధారం అదే. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలి ఇంటూ గుర్తులు ఎడమ చెవి. ఎడమ నుంచి కుడికి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా, అంటే బొంగురు శబ్దం నుంచి కీచు శబ్దం దాకా. పైనుంచి కిందికి డెసిబెల్స్. గీత కిందికి దిగేకొద్దీ వినికిడి అంత తగ్గినట్టు. సగటు 25 లోపు ఉంటే మామూలు. 26 నుంచి 40 స్వల్పం, 41 నుంచి 55 మధ్యస్థం, 70 దాకా అంతకంటే కొంచెం ఎక్కువ, 71 నుంచి 90 తీవ్రం, ఆ పైన అతి తీవ్రం. ఎక్కువ చోట్ల వాడే లెక్క ఇది.

సగటు కంటే గీత వాలు ముఖ్యం. వయసుతో వచ్చే చెవుడులో ఎడమవైపు గీత బాగానే ఉండి, కుడివైపుకు వచ్చేసరికి జారిపోతుంది. మాటలోని అచ్చుల బలం ఎడమవైపు ఉంటుంది. స, ష, ఫ, త, క లాంటి హల్లుల స్పష్టత కుడివైపు ఉంటుంది. కాబట్టి మనిషి మాట్లాడుతున్నట్టు వినపడుతుంది, ఏం మాట్లాడుతున్నదీ తెలియదు. కట్టు అన్నారో, పట్టు అన్నారో, చుట్టు అన్నారో ఊహించుకోవాల్సిందే. "మా ఆయనకు కావాల్సినవి వినపడతాయి, నేను పిలిస్తేనే వినపడదు" అని ఇళ్లలో జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఈ వాలే. అవతలి మనిషి కావాలని చేయడం లేదు. పైగా ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు సన్నగా ఉంటాయి కాబట్టి అవే ముందు పోతాయి.

మా నాయన ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో పనిచేశాడు. ఆయన గ్రాఫులో 4000 దగ్గర గీత గుంటలోకి దిగినట్టు పడిపోయి, 8000 దగ్గర కాస్త పైకి లేచింది. మోత ఎక్కువగా ఉన్నచోట ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల చెవి ఇలా ఉంటుంది. బేతంచెర్ల బండల పాలిషింగ్ యూనిట్లలో, తాడిపత్రి గ్రానైట్ కోత మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు నలభై దాటాక ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది. అలా పోయిన వినికిడి మందులతో రాదు.

ఈ "కూ" శబ్దాల (టోన్) పరీక్షతోనే వదిలేయకుండా మాటల పరీక్ష కూడా అడగండి. తెలుగు మాటలు వినిపించి, తిరిగి చెప్పమంటారు. శబ్దం పెంచినా మాటలు సగం కూడా పట్టుకోలేకపోతే మిషన్‌తో వచ్చే లాభానికి హద్దు ఉందని ముందే తెలుస్తుంది, తర్వాత నిరాశ ఉండదు.

ఈ మిషన్ ఇప్పటి రూపానికి ఎలా వచ్చింది

రకాలు అర్థం కావాలంటే ఈ కథ కొంచెం తెలియాలి. కరెంటు రాకముందు ఉన్నది బూర. వెడల్పు మూతి అవతలి మనిషి వైపు, సన్న మూతి చెవిలో. చెవుడు వచ్చిన జర్మన్ సంగీతకారుడు బేతోవెన్‌కు మెల్జెల్ అనే పనివాడు 1810ల్లో చేసిచ్చినవి అలాంటివే. 1898లో అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ టెలిఫోన్‌లో ఉండే కార్బన్ మైకును వాడి అకూఫోన్ తయారు చేశాడు. కరెంటుతో నడిచే వినికిడి పరికరాలు అక్కడి నుంచి మొదలయ్యాయి. 1920ల్లో పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు వచ్చాయి. శబ్దం బాగా పెరిగింది కానీ వాల్వును వేడి చేయడానికి ఒక బ్యాటరీ, నడపడానికి ఇంకొకటి కావాలి. 1930ల చివరికి గానీ ఒంటికి తగిలించుకుని తిరిగే సైజుకు రాలేదు.

అసలు మలుపు ట్రాన్సిస్టర్. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది, 1952-53కల్లా చెవి మిషన్లలోకి ఎక్కింది. ట్రాన్సిస్టర్ రేడియో కంటే ముందు జనం చేతికి అందిన ట్రాన్సిస్టర్ వస్తువు ఇదే. ఆ ల్యాబ్స్ పేరులోని బెల్, అంటే టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, చెవిటివాళ్ల కోసం పాటుపడ్డ మనిషి కాబట్టి, వినికిడి మిషన్లు చేసేవాళ్ల దగ్గర ఆ కంపెనీ రాయల్టీ తీసుకోలేదు. ఆ దశాబ్దంలోనే మిషన్ జేబులోంచి చెవి వెనక్కి, కళ్లద్దాల కాడల్లోకి మారింది. 1960ల్లో ఐసీ చిప్పులతో ఇంకా చిన్నదైంది. 1995-96లో పూర్తి డిజిటల్ మిషన్లు మార్కెట్‌లోకి వచ్చాయి.

ఈ డిజిటల్ వల్ల మనకేంటి అంటే, పాతకాలం మిషన్ శబ్దాన్నంతా కలిపి పెంచేది. గిన్నె కింద పడితే ఉలిక్కిపడి తీసి పారేసేవాళ్లు. డిజిటల్ మిషన్ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, మీ ఆడియోగ్రామ్‌లో ఎక్కడ గీత పడిపోయిందో అక్కడే ఎక్కువ పెంచుతుంది. చిన్న శబ్దాన్ని బాగా పెంచి, పెద్ద శబ్దాన్ని అదుపులో ఉంచుతుంది. కీచుమనే విజిల్‌ను చాలావరకు తనే అణిచేస్తుంది. కాబట్టి ఎవరో ఒకరికి సెట్ చేసిన మిషన్ ఇంకొకరికి పనికిరాదు. చనిపోయిన అబ్బ మిషన్ అవ్వకు పెట్టడం మన ఇళ్లలో మామూలే. పెట్టాలంటే అవ్వ ఆడియోగ్రామ్ తీసుకెళ్లి తిరిగి ప్రోగ్రామ్ చేయించాలి, చెవి గొట్టం కొలతకు పోసే అచ్చు కూడా కొత్తది చేయించాలి.

ఏ రకం ఎవరికి

పాకెట్ మోడల్: జేబులో డబ్బా, చెవికి వైరు. చూడ్డానికి బాగుండదని అందరూ కాదంటారు. కానీ వేళ్లు వణికేవాళ్లకు, చూపు తగ్గినవాళ్లకు దీని పెద్ద బటన్లు నిజంగా ఉపయోగం. మామూలు పెన్సిల్ సెల్లుతో నడిచేవి పల్లెలో కూడా ఇబ్బంది పెట్టవు. చొక్కా రాసుకుని గరగర శబ్దం రావడం దీనితో ఉన్న ఇబ్బంది.

చెవి వెనక పెట్టుకునే బీటీఈ: వెనక మిషన్, సన్న గొట్టం, చెవిలో అచ్చు. తీవ్రమైన చెవుడుకు కూడా సరిపోయే బలం ఉంటుంది, గట్టిగా ఉంటుంది, రిపేరు తేలిక. గ్రాఫు 70 దాటితే నా మాటగా దీన్నే చూడండి.

ఆర్ఐసీ: ఇదీ చెవి వెనకే, కాకపోతే స్పీకర్ సన్న తీగ చివర చెవి గొట్టంలో ఉంటుంది. చిన్నగా, తేలిగ్గా ఉంటుంది. గీత కుడివైపు మాత్రమే జారినవాళ్లకు రంధ్రాలున్న మెత్తటి రబ్బరు టోపీ పెడితే చెవి మూసుకుపోయినట్టు అనిపించదు, సొంత గొంతు డబ్బాలో మాట్లాడినట్టు మోగదు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది ఇదే. గుబిలి, చెమట ఆ చిన్న స్పీకర్‌ను పాడు చేస్తాయి కాబట్టి శుభ్రం విషయంలో శ్రద్ధ ఉండాలి.

చెవి లోపల పెట్టేవి ఐటీఈ, ఐటీసీ, సీఐసీ, ఐఐసీ. ఈ వరుసలోనే చిన్నవవుతూ పోతాయి. చివరిది బయటికి కనపడదు. స్వల్పం, మధ్యస్థం చెవుడుకు సరిపోతాయి. కనపడకపోవడం వీటి లాభం, మిగతావన్నీ ఇబ్బందులే: బలం తక్కువ, బ్యాటరీ తొందరగా అయిపోతుంది, గుబిలి నేరుగా తగులుతుంది. డెబ్బై ఏళ్ల మనిషి చూపుడు వేలికి, బొటనవేలికి మధ్య శనగగింజంత మిషన్‌ను పట్టుకుని, అందులో దాని తలుపు తీసి సెల్లు మార్చాలి. సుగర్ వల్ల వేళ్లు తిమ్మిరెక్కే మనిషైతే కింద పడేస్తారు, వెతకడానికి కళ్లు ఆనవు. ఎవరూ చూడకూడదన్న పట్టుదలతో ఇది కొనొద్దు. ఆయన చేత్తో ఆయనే, మీ సాయం లేకుండా పెట్టుకోగలిగిందే ఆయనకు సరైన మిషన్. షాపులోనే ఆయనతో నాలుగైదుసార్లు పెట్టించి తీయించండి.

చెవిలో ఎప్పుడూ చీము కారేవాళ్లకు గొట్టాన్ని మూసే అచ్చు పనికిరాదు. ఎముక ద్వారా శబ్దం పంపే బోన్ కండక్షన్ రకం గురించి డాక్టర్‌ను అడగాలి. ఏ మిషన్‌తోనూ మాట అర్థం కానంత చెవుడైతే కాక్లియర్ ఇంప్లాంట్, అది ఆపరేషన్‌తో పెట్టేది.

ఆన్‌లైన్‌లో వెయ్యి రెండు వేలకు దొరికే "చెవి మిషన్లు" చాలావరకు శబ్దం పెంచే యాంప్లిఫయర్లు. మీ గ్రాఫుకు సరిపడా సెట్ చేసే వీలు వాటిలో ఉండదు. వాటికి డబ్బు పెట్టకండి.

కొనేచోట

మిషన్ బిగించే మనిషి ఆడియాలజిస్ట్ అయి ఉండాలి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగితే తప్పేం లేదు. నెలకోసారి లాడ్జిలో క్యాంపు పెట్టి వెళ్లిపోయేవాళ్ల దగ్గర రెండు మూడు వేలు తగ్గుతుందని కొంటే, కూ అని మోగినరోజు ఎవరి దగ్గరికి పోతారు? ఆలూరు నుంచో డోన్ నుంచో పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి తిరిగొచ్చేలా, రోజూ మనిషి ఉండే షాపు కర్నూలులోనే చూసుకోండి. మొదటి మూడు నెలల్లో నాలుగైదు సార్లయినా పోవాల్సి వస్తుంది. ప్రతిదానికీ హైదరాబాద్ పంపాలంటే పెద్దవాళ్లు విసుగెత్తి మానేస్తారు.

ధరలు కొన్ని వేల నుంచి జతకు రెండు మూడు లక్షల దాకా ఉంటాయి. ఎక్కువ చానెళ్లు (శబ్దాన్ని విడదీసే ముక్కలు), బ్లూటూత్, శబ్దాల గోలలో మాటను వేరు చేసే కొత్త చిప్పులు, వీటికే ఆ తేడా. రోజంతా ఇంటి అరుగు మీద కూర్చుని ఇద్దరు ముగ్గురితో మాట్లాడే అవ్వకు మధ్యరకం చాలు. కీప్యాడ్ ఫోన్ వాడే మనిషికి బ్లూటూత్ కోసం డబ్బు పెట్టడం వృథా. బడిలో పాఠం చెప్పేవాళ్లకు, వ్యాపారంలో నలుగురితో మాట్లాడేవాళ్లకు పైరకం నిజంగా తేడా చూపిస్తుంది. రెండు చెవులకూ నష్టం ఉంటే పైరకం ఒకటి కొనేకంటే మధ్యరకం రెండు కొనడమే మేలు. శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియడానికి, జనంలో మాట పట్టుకోవడానికి రెండు చెవులూ కావాలి.

కొన్నిరోజులు పెట్టుకుని చూసే ట్రయల్ ఇస్తారా అని అడగండి. చెవి గొట్టంలోకి శబ్దం ఎంత చేరుతోందో సన్న ట్యూబు పెట్టి కొలిచే పరీక్ష ఉంటే చేయించండి. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లు అన్నవి రాయించుకోండి. వినికిడి మిషన్ మీద జీఎస్టీ లేదు, బిల్లు వద్దంటే తగ్గుతుంది అనే మాట నమ్మకండి.

మొదటి నెల, ఇంట్లో అందరికీ పని

కళ్లద్దాలు పెట్టగానే కనిపిస్తుంది, మిషన్ పెట్టగానే వినిపిస్తుంది అనుకోవడం దగ్గరే చాలా మిషన్లు మూలన పడతాయి. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటైన మెదడుకు ఒక్కసారిగా ఫ్యాన్ తిరిగే చప్పుడు, స్టీలు గిన్నెల మోత, తన చెప్పుల శబ్దం, తన నమిలే శబ్దం అన్నీ వచ్చి పడతాయి. "ఏందిరా ఈ గోల, తీసేయండి" అంటారు. అది సహజం. ఏ శబ్దాన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలేయాలో మెదడు మళ్లీ నేర్చుకోవడానికి వారాలు పడుతుంది.

మొదటి రెండు మూడు రోజులు ఇంట్లోనే, టీవీ ఆపేసి, ఒక్కరితో మాట్లాడేటప్పుడు పెట్టండి. రోజుకు గంటో రెండు గంటలో, తర్వాత మెల్లగా పెంచుతూ పోండి. రెండో వారంలో నలుగురితో కూర్చుని అన్నం తినేటప్పుడు. ఆ తర్వాతే రైతుబజారు, బస్టాండు, గుడి. పెళ్లికి ముందురోజు కొత్త మిషన్ కొని బ్యాండు మేళం మధ్యలోకి తీసుకెళ్లొద్దు. ఏ శబ్దం ఇబ్బంది పెట్టిందో ఒక కాగితం మీద రాసుకుని ఆడియాలజిస్ట్‌కు చూపిస్తే ఆ ముక్కను మాత్రం సరిచేస్తారు. "బాలేదు" అంటే వాళ్లూ ఏం చేయలేరు. "కుక్కర్ విజిల్ చెవిలో పొడిచినట్టుంది, మనవరాలి మాట మాత్రం అర్థం కావట్లేదు" అంటే చేయగలరు.

మిషన్ వచ్చాక కూడా మన మాట్లాడే తీరు మారాలి. వంటింట్లోంచి కేకేయకుండా ఎదురుగా వచ్చి, ముఖం మీద వెలుతురు పడేలా నిలబడి, మామూలు గొంతుతో కాస్త నిదానంగా మాట్లాడండి. అరిస్తే మాట వంకర్లు పోతుంది తప్ప స్పష్టం కాదు. అర్థం కాలేదంటే అదే మాట మూడుసార్లు అనకుండా ఇంకోలా చెప్పండి. అన్నిటికంటే బాధ పెట్టేది "ఏం లేదులే, వదిలెయ్" అనడం. ఆ మాట విన్నవాళ్లు నెమ్మదిగా నలుగురిలో కూర్చోవడమే మానేస్తారు. వినికిడి తగ్గడాన్ని డిమెన్షియా (పెద్దవయసులో వచ్చే మతిమరుపు జబ్బు) ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ 2017 నుంచి లెక్కలోకి తీసుకుంటోంది. ఎప్పుడో ఒకప్పుడు చూద్దాంలే అనుకునే వ్యవహారం కాదిది.

రాత్రి పూట ఐదు నిమిషాలు

పడుకునే ముందు మిషన్ తీసి, పొడిబట్టతో తుడవాలి. అచ్చు రంధ్రంలో గుబిలి కనిపిస్తే ఇచ్చిన చిన్న బ్రష్షుతో, రంధ్రం కిందివైపు ఉండేలా పట్టుకుని దులపండి. పైకి పట్టుకుంటే గుబిలి లోపలికే పోతుంది. బీటీఈ అచ్చును మాత్రం మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడగొచ్చు. గొట్టంలో ఒక్క నీటిచుక్క కూడా లేకుండా ఆరాకే మళ్లీ తగిలించాలి. బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి. ఎండాకాలంలో మన దగ్గర చెమటే మిషన్‌కు పెద్ద శత్రువు, ఈ డబ్బా తప్పనిసరి. ఎండలో నిలబెట్టిన కారులో వదలొద్దు.

స్నానానికి ముందు తీయాలని అందరికీ గుర్తుంటుంది, తలకు నూనె రాసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. ఆ నూనె మైకు రంధ్రంలోకి దిగితే శబ్దం మెల్లమెల్లగా తగ్గుతూ పోతుంది. నూనె రాసి, చెవి వెనక తుడుచుకున్నాక పెట్టుకోవాలి.

సెల్లు సైజు స్టిక్కర్ రంగుతో గుర్తుపెట్టుకోండి: 10 పసుపు, 312 బ్రౌన్, 13 నారింజ, 675 నీలం. ఇవి గాలి తగిలితే పనిచేసే జింక్ ఎయిర్ సెల్లులు. స్టిక్కర్ తీశాక రెండు మూడు నిమిషాలు ఆగి మిషన్‌లో వేస్తే ఎక్కువ రోజులు వస్తాయి. ఒకసారి తీశాక మళ్లీ అంటించినా ప్రయోజనం లేదు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పసిపిల్లలకు అందకుండా దాచండి. ఎవరైనా సెల్లు మింగితే ఇంట్లో ఏ చిట్కా వైద్యం చేయకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. సెల్లు మార్చడం చేతకానివాళ్లకు చార్జింగ్ మిషన్లు హాయి, రాత్రి డబ్బాలో పెడితే పొద్దునకు సిద్ధం.

మిషన్ పనిచేయట్లేదని షాపుకు పరుగెత్తే ముందు మూడు చూడండి: కొత్త సెల్లు వేశారా, రంధ్రంలో గుబిలి ఉందా, గొట్టం మెలిపడిందా. కూ అని మోగితే అచ్చు సరిగ్గా కూర్చోలేదని అనుమానించండి. అయినా మోగుతుంటే చెవిలో గుబిలి నిండి ఉండొచ్చు, డాక్టర్‌కు చూపించండి.

ప్రభుత్వ సాయం

రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి లోపం, 70, ఆ పైన ఉంటే చెవుడు అని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెప్తోంది. సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ బుక్ చేసుకుని, పరీక్ష చేయించుకుని వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకోండి. కేంద్రం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకంలో (దివ్యాంగులకు పరికరాలిచ్చేది) అలింకో అనే ప్రభుత్వ సంస్థ ద్వారా వినికిడి మిషన్లు ఇస్తారు. అరవై దాటిన పేదవాళ్లకు ఇలాంటి పరికరాలే ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైన పథకం. క్యాంపు తేదీలు కలెక్టరేట్‌లోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖలో కనుక్కోండి. ఆధార్, ఆదాయ సర్టిఫికెట్, ఆడియోగ్రామ్ జిరాక్సులు సిద్ధంగా ఉంచుకోండి. అక్కడ ఇచ్చిన మిషన్‌ను కూడా మీ గ్రాఫుకు సెట్ చేయించుకున్నాకే వాడండి.

ఏడాదికోసారి మళ్లీ ఆడియోగ్రామ్ తీయించి, దాని ప్రకారం మిషన్ మార్పులు చేయించండి. గట్టిపడిన ట్యూబును కొన్ని నెలలకోసారి, వదులైన అచ్చును అవసరాన్ని బట్టి మార్పించాలి. జాగ్రత్తగా వాడితే మిషన్ ఐదేళ్లు వస్తుంది. కొత్తది కొన్నాక పాతదాన్ని పారేయకుండా డబ్బాలో ఉంచండి, రిపేరుకు ఇచ్చిన రోజుల్లో అదే ఆదుకుంటుంది.